తేనెటీగ కొవ్వు మీద ఒక పెద్ద పోస్టు

తేనెటీగ ఒంటికి అతుక్కుని బతికే వరోవా అనే నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు) దాని రక్తం తాగి బతుకుతుందని దశాబ్దాల తరబడి ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు. పాఠ్యపుస్తకాల్లో అదే, పెంపకందార్ల శిక్షణలో అదే. అమెరికాలో శామ్యూల్ రామ్సే అనే పరిశోధకుడికి మాత్రం ఇది మింగుడుపడలేదు. రక్తం తాగే జీవి అన్నాక నీళ్లు బాగా విసర్జించాలి కదా, ఈ నల్లి విసర్జన చూస్తే దాదాపు పొడిగా ఉంటుంది. దాంతో ఆయనా ఆయన బృందమూ కలిసి తేనెటీగలకు మెరిసే రంగులు రెండు పట్టించారు, ఒకటి రక్తంలో కలిసి పసుపుగా వెలిగేది, రెండోది కొవ్వును పట్టుకుని ఎర్రగా వెలిగేది. ఆ ఈగల మీద నల్లులను వదిలి, తర్వాత వాటి కడుపులను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ఎర్రగా వెలిగాయి. 2019లో వచ్చిన ఈ పేపరు చదివినప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పరీక్ష ఎంత సూటిగా ఉందన్నదే. ఇన్నేళ్లలో ఇంకెవరికీ ఎందుకు తట్టలేదో మరి!

నల్లి అంటే కంటికి కనిపించనిదేమీ కాదు. ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పుంటుంది, ఎర్రటి గోధుమ రంగు, పొడవు కంటే వెడల్పే ఎక్కువ. తేనెటీగ సైజుతో పోల్చి చూడండి, మన ఒంటికి అన్నం తినే పళ్లెమంత పురుగు అతుక్కున్నట్టు. అది ఎక్కువగా ఈగ పొట్ట కింది వైపు, అక్కడుండే పలకల మధ్య సందులో దూరి ఉంటుంది. ఆ సందు వెనక ఉండేదే కొవ్వు.

కొవ్వనగానే మనకు తగ్గించుకోవాల్సిందేదో గుర్తొస్తుంది గానీ తేనెటీగ విషయంలో అలా కాదు. పొట్ట లోపలి గోడల వెంట తెల్లగా, పలచగా పరుచుకుని ఉండే ఈ కణజాలాన్ని ఫ్యాట్ బాడీ అంటారు, ఇక్కడ కొవ్వుపొర అని రాస్తున్నాను. ఆహారాన్ని దాచేది ఇదే, ఒంట్లో చేరిన విషాలను విరగ్గొట్టేదీ ఇదే, రోగాలతో పోరాడే ప్రొటీన్లను తయారుచేసేదీ ఇదే. మనలో కాలేయం చేసే పని, కొవ్వు చేసే పని, రోగనిరోధక వ్యవస్థ పనిలో కొంత, అన్నీ ఒకేచోట. ఈమధ్య తేనెటీగల ఆరోగ్యం మీద నేను ఏ పేపరు తెరిచినా, అది పురుగుమందుల గురించైనా, తిండి గురించైనా, చలికాలపు చావుల గురించైనా, తిరిగి తిరిగి ఈ కొవ్వుపొర దగ్గరికే వచ్చి ఆగుతోంది. అందుకే ఈ పోస్టు.

రామ్సే మాట కూడా పూర్తిగా నిలబడలేదు లెండి. 2024లో వచ్చిన ఇంకో పరిశోధన ప్రకారం నల్లి పెద్ద ఈగ మీద ఉన్నప్పుడు కొవ్వు తింటుంది గానీ, మూసిన గదిలో పిల్ల ఈగ మీద ఉన్నప్పుడు ప్రధానంగా రక్తమే తాగుతుందట. అంటే పాతవాళ్లదీ కొంత నిజమే.

ఆ మూసిన గదిలో జరిగేది కాస్త వివరంగా చెప్పాలి. పురుగు దశలో ఉన్న పిల్ల బాగా ఎదిగాక కూలి ఈగలు దాని గదికి మైనంతో మూత వేస్తాయి. మూత పడటానికి కొన్ని గంటల ముందు తల్లి నల్లి లోపలికి జారుకుంటుంది. గది అడుగున పిల్ల కోసం పోసిన తిండిలో మునిగి, ఊపిరికి మాత్రం సన్నటి గొట్టాలు పైకెత్తి, కదలకుండా పడి ఉంటుంది. మూత పడి, పిల్ల ఆ తిండంతా తినేశాక లేచి పని మొదలుపెడుతుంది. సుమారు మూడు రోజులకు మొదటి గుడ్డు, దాంట్లోంచి మగది వస్తుంది. ఆ తర్వాత 30 గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు. పిల్ల ఈగ ఒంటికి తల్లి నల్లి ఒక్క కన్నం పెడుతుంది, సంతానమంతా ఆ ఒక్క కన్నం దగ్గరే తింటుంది. ఎదిగిన ఆడవి ఆ చీకట్లోనే తమ తోబుట్టువైన మగదానితో జతకడతాయి. మూత పడిన 12 రోజులకు కూలి ఈగ దాన్ని కొరుక్కుని బయటికి వస్తుంది, ఎదిగిన ఆడ నల్లులూ దానితోపాటు వచ్చేస్తాయి. మగదీ, ఎదగని పిల్లలూ లోపలే చస్తాయి. పోతుటీగల (మగ ఈగల) గది ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ మూసి ఉంటుంది, అంటే ఇంకో కూతురు ఎదిగే టైమన్నమాట, అందుకే నల్లికి పోతు గదులంటే అంత మోజు.

పెట్టెల్లో తేనెటీగలు పెంచే మిత్రుడొకాయన దగ్గర నల్లుల లెక్క తీయడం చూశాను. మూతకు జల్లెడ బిగించిన సీసాలో సుమారు 300 ఈగలను వేసి, పంచదార పొడి పోసి, మెల్లగా దొర్లించి, కాసేపాగి తెల్లటి పళ్లెం మీద బోర్లించి గట్టిగా ఊపుతారు. పొడి అంటుకుని కాళ్ల పట్టు తప్పిన నల్లులు జల్లెడలోంచి పొడితోపాటు రాలిపడతాయి. నీళ్లు చల్లితే పంచదార కరిగి ఎర్రటి చుక్కలు మిగులుతాయి, కొన్ని ఇంకా నడుస్తూ. ఈగలను మళ్లీ పెట్టెలోకి వదిలితే ఒళ్లంతా తెల్లగా పిండి కొట్టుకుని ఉన్నవాటిని తోటి ఈగలు చుట్టుముట్టి నాకేస్తాయి. ఆయన పళ్లెంలో చుక్కలు లెక్కపెడుతుంటే నేను ఈ నాకుడు చూస్తూ ఉండిపోయాను.

నల్లి తినే తిండి వల్ల జరిగే నష్టం ఒకెత్తు, అది మోసే వైరస్ ఇంకో ఎత్తు. రెక్కలు ముడుచుకుపోయి వంకరగా పుట్టించే వైరస్ ఒకటుంది, పేరు కూడా డిఫార్మ్‌డ్ వింగ్ వైరసే. నల్లి రాకముందు కూడా ఇది ఉండేది, పెద్దగా హాని చేయకుండా. హవాయి దీవుల్లో కొన్నిటికి నల్లి 2007 నుంచి చేరింది, కొన్నిటికి చేరలేదు, దాంతో పక్కపక్కనే పోల్చి చూసే అవకాశం దొరికింది. స్టీఫెన్ మార్టిన్ బృందం 2012లో ఆ ఫలితాలు బయటపెట్టింది. నల్లి లేనిచోట పది గూళ్లలో ఒకదానిలో ఉండే వైరస్, నల్లి వచ్చినచోట దాదాపు అన్ని గూళ్లకూ పాకింది. అంతేకాదు, రకరకాలుగా ఉండే ఆ వైరస్‌లో ఒకే రకం మిగతావాటిని తొక్కేసి పైకొచ్చింది. ఒంట్లోకి సూటిగా సూది గుచ్చినట్టు వైరస్ ఎక్కుతుంటే, దాన్ని ఎదుర్కోవాల్సిన కొవ్వుపొరను అదే నల్లి కొరికేస్తుంటే, ఇంకేం మిగులుతుంది?

చలి దేశాల్లో ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. ఎండాకాలంలో కూలి ఈగ ఆయుష్షు అయిదారు వారాలు. చలికాలం ముందు పుట్టే ఈగలు మాత్రం నెలల తరబడి బతకాలి, రాణిని వెచ్చగా ఉంచి వసంతం దాకా లాక్కురావాలి. వాటికి ఆ శక్తినిచ్చేది దట్టంగా పెరిగిన కొవ్వుపొర, అందులో తయారయ్యే వైటెలోజెనిన్ అనే ప్రొటీన్. సరిగ్గా అవి పుట్టే సమయానికే గూటిలో నల్లుల సంఖ్య తారాస్థాయిలో ఉంటుంది. ఆ తర్వాత ఎంత మందు వేసినా నల్లులు చస్తాయేమో గానీ అప్పటికే కొవ్వు పోగొట్టుకుని పుట్టిన ఈగలు బాగుపడవు. శరదృతువు చివర్లో మందు వేసి, అయినా గూడు పోయిందేమిటని బాధపడేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు వేసింది మంచి మందే, వేసిన వేళే బాగాలేదు.

కొవ్వు తగ్గితే ఈగ ప్రవర్తన కూడా మారిపోతుంది, నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించింది ఇదే. మామూలుగా కూలి ఈగ మొదట్లో గూటిలోనే ఉండి పిల్లలకు తిండి పెడుతుంది, రెండు మూడు వారాల తర్వాత బయటికెళ్లి మకరందం, పుప్పొడి తెస్తుంది. బయటి పనికి మారేటప్పుడు కొవ్వు కరుగుతుంది, వైటెలోజెనిన్ పడిపోతుంది. ఇది ఒట్టి పక్కపక్కన జరిగే మార్పు కాదని 2007లో గ్రో ఆమ్‌డమ్ బృందం చూపించింది: ఆ ప్రొటీన్ తయారీని ఆపేస్తే చాలు, ఈగలు ముందుగానే బయటిబాట పడతాయి, త్వరగా చస్తాయి. రోగమొచ్చినా, తిండి తక్కువైనా ఇదే జరుగుతుంది. ఇక బయటి పనివాళ్లు చనిపోయే కొద్దీ ఆ ఖాళీ నింపడానికి ఇంకా చిన్నవి బయల్దేరతాయి, అనుభవం లేదు కాబట్టి అవి ఇంకా త్వరగా పోతాయి. ఆండ్రూ బారన్, ఆయన సహచరులు 2015లో ఈగలకు చిన్న ట్యాగులు అతికించి వాటి రాకపోకలు లెక్కగట్టారు. వయసుకు ముందే బయల్దేరినవి తక్కువ ట్రిప్పులు తిరిగాయి, మొదటి ప్రయాణాల్లోనే ఎక్కువగా తప్పిపోయాయి. ఈ లెక్కను గణితంలో పెట్టి చూస్తే గూడు మెల్లగా చిక్కిపోవడం కాదు, ఒక దశ దాటాక ఉన్నట్టుండి ఖాళీ అయిపోతుంది.

2006 చివర్లో అమెరికాలో మొదలైన 'కాలనీ కొలాప్స్' గోల గుర్తుందా? రాణి ఉంది, పిల్లలున్నాయి, తేనె ఉంది, పెద్ద ఈగలు మాత్రం మాయం, శవాలు కూడా లేవు. సెల్‌టవర్ల దగ్గర్నుంచి ఏవేవో కారణాలు చెప్పారు. పైన చెప్పిన లెక్క చూస్తే శవాలు ఎందుకు లేవో అంత మిస్టరీ ఏమీ కాదు, అవి పొలాల్లో ఎక్కడో రాలిపోయాయి.

ఇక ఐన్‌స్టీన్ అన్నాడంటూ వాట్సాప్‌లో తిరిగే ఆ 'తేనెటీగలు పోతే మనిషికి నాలుగేళ్లే' మాట. ఆయన రాతల్లో గానీ ప్రసంగాల్లో గానీ ఎక్కడా దొరకని మాట అది, దయచేసి నాకు ఇంక పంపకండి. పెంపుడు తేనెటీగ అంతరించిపోవడం లేదు. 2009లో ఐజెన్, హార్డర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్కలు తిరగేసి చూస్తే 1961 నుంచి అప్పటికి ప్రపంచంలో తేనెటీగల పెట్టెలు సుమారు 45 శాతం పెరిగాయని తేలింది. గూళ్లు ఏటా పోతూనే ఉంటాయి, పెంపకందారు మిగిలినవాటిని విడదీసి మళ్లీ నింపుకుంటూనే ఉంటాడు. సంఖ్య నిలబడుతుంది, చాకిరీ, ఖర్చు రెండూ పెరుగుతాయి. బాధ ఉన్నది అక్కడ.

అసలు ఈ నల్లి మొదట మెల్లిఫెరాది కాదు. ప్రపంచమంతా పెట్టెల్లో పెంచే యూరప్ తేనెటీగ ఏపిస్ మెల్లిఫెరా, నల్లి అసలు యజమాని ఆసియా తేనెటీగ ఏపిస్ సెరానా. మెల్లిఫెరాను మనుషులు ఆసియాకు మోసుకొచ్చాక, గత శతాబ్దం మధ్యలో, నల్లి ఇల్లు మారింది. అక్కణ్నుంచి పెట్టెలతోపాటే ప్రపంచం చుట్టింది. చాలాకాలం తప్పించుకున్న ఆస్ట్రేలియాలో కూడా 2022 జూన్‌లో న్యూకాజిల్ ఓడరేవు దగ్గర బయటపడింది, పూర్తిగా తుడిచిపెడదామని చూసి 2023 సెప్టెంబరులో ఆ ప్రయత్నం మానుకున్నారు.

మరి సెరానా ఎలా తట్టుకుంటోంది? దాని గూటిలో నల్లి దాదాపు పోతు గదుల్లోనే పిల్లల్ని పెట్టగలదు. పోతు గదిలో నల్లులు మరీ ఎక్కువైతే లోపలున్న పోతుకు మూత పగలగొట్టుకునే శక్తి ఉండదు, కూలి ఈగలూ తెరవవు, నల్లులన్నీ లోపలే సమాధి. కూలి పిల్లను పట్టుకుంటే ఆ పిల్ల త్వరగా చనిపోతుంది, ఆ వాసనకు ఈగలు వచ్చి దాన్ని లాగి పారేస్తాయి. పిల్ల బలహీనంగా ఉండటమే గూటికి బలం. ఒంటరి జీవికైతే ఇది అర్థంలేని ఏర్పాటు.

మెల్లిఫెరాలో కూడా ఇలా శుభ్రం చేసే గుణం కొన్ని గూళ్లకు ఉంది. మూత కింద రోగంతో ఉన్న పిల్లను వాసన పట్టి, మూత తీసి, బయటికి లాగే గుణం. 1964లో వాల్టర్ రోథెన్‌బూలర్ ఇది వంశపారంపర్యమని చూపించాడు, మూత తీయడానికో జన్యువు, లాగి పారేయడానికో జన్యువు ఉన్నాయనుకున్నాడు. అంత తేలిక కాదని, చాలా జన్యువులు కలిసి చేసే పనని తర్వాత తెలిసింది. మార్లా స్పివాక్ వంటివాళ్లు దీన్ని పొలంలో పరీక్షించే పద్ధతికి తెచ్చారు. తేనెపట్టు మీద గొట్టం ముక్క నొక్కి, అందులో ద్రవ నైట్రోజన్ పోస్తే ఆ వృత్తంలోని పిల్లలన్నీ గడ్డకట్టి చస్తాయి. 24 గంటల తర్వాత వచ్చి చూడాలి. మంచి గూడైతే ఆ వృత్తం ఖాళీగా, తుడిచిపెట్టినట్టు ఉంటుంది. అలాంటి రాణులనే ఎంచుకుని పెంచుకుంటూ పోతే సరిపోతుంది కదా అంటే, రాణి గాల్లో ఎగురుతూ పదీ పన్నెండు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతులతో జతకడుతుంది, ఆ పోతులు ఎవరి పెట్టెల్లోవో ఎవరికి తెలుసు! ఒకటి రెండు తరాల్లో గుణం పలచబడిపోతుంది. చుట్టుపక్కల వాళ్లంతా కలిసి చేస్తే తప్ప నిలవదు.

వ్యాక్సిన్ వార్త విన్నవాళ్లు దాని గురించి అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. అది నల్లికి కాదు, అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే బ్యాక్టీరియా జబ్బుకి, దాని స్పోర్లు (గట్టి పెంకు కట్టుకుని నిద్రాణంగా ఉండే రూపం) దశాబ్దాలు బతుకుతాయి, అందుకే జబ్బు వస్తే పెట్టెను కాల్చేస్తారు. 2023 జనవరిలో అమెరికాలో షరతులతో అనుమతి వచ్చిందన్న వార్త బయటికొచ్చింది. ఇంజెక్షన్ లేదు, రాణికి అందే తిండిలో చచ్చిన బ్యాక్టీరియా కలుపుతారు. కీటకాలకు యాంటీబాడీలు ఉండవు కదా, మరి పిల్లలకు రక్షణ ఎలా చేరుతుంది అంటే, ఆ బ్యాక్టీరియా ముక్కలను పట్టుకుని గుడ్లలోకి మోసేది మళ్లీ మన వైటెలోజెనినే. దాన్ని తయారుచేసేది కొవ్వుపొర. చెప్పాను కదా, ఎటు తిరిగినా అక్కడికే.

కొవ్వు ఊరికే రాదు, పుప్పొడి తింటేనే వస్తుంది. మకరందం పిండిపదార్థం, ప్రొటీనూ కొవ్వూ దొరికేది పుప్పొడిలోనే. రకరకాల పూల పుప్పొడి తిన్న ఈగల్లో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పనితనం ఎక్కువగా ఉందని 2010లో ఒక ఫ్రెంచ్ బృందం చూపించింది, గూటి తిండిలో క్రిములు పెరగకుండా చూసే ఎంజైము అది. కనుచూపు మేర ఒకే పంట ఉన్నచోట పెట్టెలు పెడితే మూడు వారాలు విందు, ఆ తర్వాత పస్తు. దానికి తోడు పురుగుమందు. థయామెథాక్సామ్ తక్కువ మోతాదులో తాగిన ఈగలు దారి తప్పి గూటికి రాలేకపోతున్నాయని 2012లోనే తేలింది, 2018లో యూరోపియన్ యూనియన్ దాన్నీ, అదే కోవకు చెందిన (నియోనికోటినాయిడ్లు అంటారు) ఇంకో రెండు మందులనూ బయటి పొలాల్లో నిషేధించింది.

ఇక్కడ పంటల వైపు ఒక మాట. పెట్టెలు ఎక్కువ పెడితే పరాగ సంపర్కం దానంతటదే బాగుంటుందని చాలామంది నమ్ముతారు. 2013లో లూకస్ గరిబాల్డి, మరెందరో కలిసి ప్రపంచవ్యాప్తంగా 41 రకాల పంట పరిస్థితులను పోల్చి చూశారు. అడవి కీటకాలు ఎక్కువ వచ్చినచోట అన్నిట్లోనూ కాపు పెరిగింది, తేనెటీగలు ఎక్కువ వచ్చినందువల్ల పెరిగింది 14 శాతం పంటల్లోనే. టమాటా పువ్వును దగ్గరగా చూడండి. పసుపు శంఖంలా ఉండే కేసరాలకు చివర్న సన్నటి రంధ్రాలుంటాయి, పుప్పొడి లోపల బందీ. బంబుల్‌బీ (తేనెటీగకు బంధువైన బొద్దు ఈగ) ఆ శంఖాన్ని దవడలతో కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రం జుయ్‌మని అదిరిస్తుంది, పుప్పొడి బుస్సుమని దాని పొట్ట మీద రాలుతుంది. తర్వాత పువ్వు మీద గోధుమ రంగు గాట్లు మిగులుతాయి, గ్రీన్‌హౌస్ రైతులు ఆ గాట్లు చూసే పని అయిందో లేదో చెప్తారు. మన తేనెటీగకు ఈ విద్య రాదు. వంకాయకూ అదే కథ.

ఏ పూలు ఎక్కడ బాగున్నాయో తెలియాలంటే మాత్రం తేనెటీగనే అడగొచ్చు. కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ తెచ్చిన ఆ నాట్యం మీకు తెలిసే ఉంటుంది: పట్టు మీద ఈగ తోక ఊపుతూ తిన్నగా కాస్త దూరం నడుస్తుంది, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగి మొదటికొస్తుంది. నిలువు గీతకు ఎంత కోణంలో నడిచిందో, సూర్యుడికి అంత కోణంలో పూలున్నాయి. ఊపుడు ఎంతసేపు సాగిందో అంత దూరం. ఇంగ్లాండ్‌లో మార్గరెట్ కూవియోన్, ఫ్రాన్సిస్ రాట్నీక్స్ బృందం రెండేళ్ల పాటు 5,484 నాట్యాలను వీడియో తీసి, ఒక్కొక్కటీ కొలిచి, మ్యాపు మీద పరిచింది. 2014లో వచ్చిన ఫలితాల్లో ఈగలు ఎక్కువ మెచ్చినవాటిలో ఒక ప్రకృతి సంరక్షణ ప్రాంతం, జీవవైవిధ్యానికి పెద్దయెత్తున సాయం అందుకునే పొలాలు ఉన్నాయి. తక్కువ మెచ్చినవాటిలో సేంద్రియ పథకం కింద ఉన్న భూములున్నాయి. కలుపు పువ్వులు పూయకుండా తరచూ కోసేయడం దీనికి కారణం కావచ్చని వాళ్లు రాశారు. సేంద్రియం అని బోర్డు పెట్టగానే ఈగలు బాగుంటాయనుకునేవాళ్లకు ఇది కొంచెం చేదుగానే ఉంటుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. నచ్చిన చోటు గురించి మాత్రమే ఈగ నాట్యం చేస్తుంది, బాగాలేని చోటు గురించి ఏమీ చెప్పదు. పైగా టమాటా పువ్వును అదిరించే ఆ ఈగలకు ఈ నాట్యమే లేదు. అవి ఎక్కడ తింటున్నాయో, ఎంత కొవ్వుతో ఉన్నాయో తెలియాలంటే ఇప్పటికీ ఎవరో ఒకరు వల పట్టుకుని ఎండలో గట్ల వెంట తిరగాల్సిందే.